ఒక్క ఓటమి, రెండు కోతలు

అమెరికాలో చదరంగం ఆడే తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఎన్ని రేటింగులు ఉండొచ్చు? ఒకటా? మీరింకా పాత కాలంలోనే ఉన్నారు. రెగ్యులర్ ఒకటి. క్విక్ ఒకటి. బ్లిట్జ్ ఒకటి. ఇవి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఆడితే వచ్చేవి. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే మళ్లీ అవే మూడు, ముందు ‘ఆన్‌లైన్’ అని తగిలించి. ఉత్తరాల మీద ఆడితే కరెస్పాండెన్స్ రేటింగ్. ఈ ఏడూ దేశవాళీ సరుకు, యూఎస్ చెస్ ఫెడరేషన్ వారి తయారీ. అంతర్జాతీయ సమాఖ్య ఫిడే ఇచ్చేవి ఇంకో మూడు. వెరసి పది. రావణాసురుడి తలలతో సమానం. ఆయనకైనా ఏ తలతో ఆలోచించాలో తెలిసుండేది. మనవాడికి ఏ అంకెను నమ్ముకోవాలో చెప్పే నాథుడు లేడు.

పది ఉంటే మాత్రం తప్పేమిటి అంటారా? ఏమీ లేదు. దేని పని అది చేసినంత కాలం. నూరు మీటర్లు పరిగెత్తినవాడి టైము ఎవరైనా మారథాన్ పుస్తకంలో రాస్తారా? ఫెడరేషన్ రాస్తుంది. రెండు పుస్తకాల్లోనూ రాస్తుంది. దానికి ముద్దుగా పేరు కూడా పెట్టుకుంది: డ్యూయల్ రేటింగ్.

నిబంధన చూడండి. గడియారం మీద ఒక్కొక్కరికి ఇచ్చిన నిమిషాలు తీసుకోండి. ప్రతి ఎత్తుకూ ఇచ్చే అదనపు సెకన్లు (డిలే లాంటివి) తీసుకోండి. రెండూ కూడండి. నిమిషాలనూ సెకన్లనూ కలిపి కూడకూడదని మూడో తరగతి పంతులుగారు చెవి మెలేసి మరీ చెప్పారు కదా? ఆయన్ని మర్చిపోండి. ఆట 60 ఎత్తులు సాగుతుందనుకుంటే, ఎత్తుకో సెకను అంటే మొత్తం మీద ఓ నిమిషం. అదీ వారి సమర్థన. సరే, ఒప్పుకుందాం. వచ్చిన మొత్తం 5 నుంచి 10 దాకా అయితే బ్లిట్జ్. 10 దాటి 30 లోపు అయితే క్విక్. 65 దాటితే రెగ్యులర్. మరి 30 నుంచి 65 దాకా? అక్కడే ఉంది కిటుకు. అది క్విక్కూ అవును, రెగ్యులరూ అవును. అర్ధనారీశ్వరం.

ఇప్పుడు ఈ లెక్క వెయ్యండి. 24 నిమిషాలు, 5 సెకన్ల డిలే. మొత్తం 29. శుద్ధ క్విక్. అదే 25 నిమిషాలు, 5 సెకన్లు అనండి. మొత్తం 30. అంతే! ఆట గంభీరమైపోయింది. రెగ్యులర్ పుస్తకంలోకి దర్జాగా నడిచి వెళ్లిపోయింది. ఒకే ఒక్క నిమిషం! ఆ నిమిషంలో ఆ పసివాడి ఆలోచన అంత లోతుకు దిగిపోయిందా? 29 దగ్గర చిలిపి పిల్లాడు, 30 దగ్గరకొచ్చేసరికి తత్వవేత్తా?

ఈ గీతలు ఎవరు గీశారు? మెదడు మీద పరిశోధన చేసినవాళ్లా? అయ్యో రామ. నన్నడిగితే హాలు తాళంచెవి గీసింది. శనివారం పొద్దున తొమ్మిదికి స్కూలు క్యాంటీన్ అద్దెకు తీసుకుంటారు. సాయంత్రం తుడిచి అప్పగించాలి. ఈలోపు ఐదు రౌండ్లు అయిపోవాలి. తలో గంట ఇస్తే ఒక్కో రౌండు రెండు గంటలు దాటుతుంది. ఐదు రౌండ్లకు పదకొండు గంటలు. చీకటి పడిపోతుంది. తలో 25 నిమిషాలిస్తే మధ్యాహ్నం మూడుకల్లా కప్పులు పంచి ఇంటికి పంపెయ్యొచ్చు. కానీ పోస్టరు మీద ‘క్విక్ మాత్రమే’ అని ఉంటే ఎవరొస్తారు? ‘రెగ్యులర్ రేటింగ్’ అన్న రెండు మాటలు ఉండాలి. ఉంటేనే తల్లిదండ్రులు కారు తీస్తారు. అందుకని గంటలో ముగిసే ఆటకు రెండు గంటల ఆట పరువు కావాలి. దొరికింది. రెండు పుస్తకాల్లోనూ దొరికింది. నిర్వాహకుడికి జనం, ఫెడరేషన్‌కు సభ్యత్వం డబ్బు, రేటింగ్ ఫీజు. అందరూ సుఖమే. ఆడినవాడు తప్ప.

ఆడినవాడికేం నొప్పి అంటారేమో. వాడు ఒక్క ఆట ఓడాడు. రెగ్యులర్‌లో కోత. క్విక్‌లో కోత. ఒక్క గుర్రాన్ని ఊరికే పోగొట్టుకున్నందుకు రెండు జరిమానాలు! ట్రాఫిక్ పోలీసు కూడా ఒక సిగ్నల్ దగ్గర ఒక చలానే రాస్తాడు.

గెలిస్తే రెండూ పెరుగుతాయి కదా అని గడుసువాళ్లు అడుగుతారు. పెరుగుతాయి. అదే అసలు చిక్కు. రెండూ కలిసే పెరిగి, కలిసే తగ్గితే రెండోది దేనికి? వేగంగా ఆడే నేర్పు వేరు, నిదానంగా ఆడే నేర్పు వేరు, అందుకే వేరే కొలత పెట్టాం అన్నారు మీరే. 1980ల్లో క్విక్ పుట్టినప్పుడు చెప్పిన మాట అది. తొందర ఆటలు వచ్చి అసలు రేటింగును పాడుచెయ్యకూడదన్న మడి. మడి బాగానే కట్టారు. తర్వాత అదే మడి బట్టతో క్యాంటీన్ బల్లలు తుడిచారు.

పైగా ఎవరికైనా క్విక్ రేటింగ్ లేకపోతే రెగ్యులర్ రేటింగునే అరువిచ్చి మొదలుపెడతారు. అంటే పుట్టుకే అరువు. పెంపకం డ్యూయల్. ఇక సొంత మొహం ఎక్కణ్నుంచి వస్తుంది? పెద్ద ఓపెన్ టోర్నీలు విభాగాలు చేసేది రెగ్యులర్ చూసి. బహుమతులు పంచేది రెగ్యులర్ చూసి. ఆఖరికి క్విక్ టోర్నీల్లో కూడా చాలా చోట్ల జతలు కట్టేది రెగ్యులర్ చూసే! క్విక్ రేటింగ్ క్విక్ టోర్నీకే పనికిరాదట. పెళ్లికొడుకును పిలవని పెళ్లి ఎక్కడైనా చూశారా?

ఇంకో సరదా. ఈ 60 ఎత్తుల లెక్క ఎవరిది? పెద్దవాళ్లది. ఎనిమిదేళ్ల పిల్లలు 60 ఎత్తులు ఆడతారా? పాతికలోపు మంత్రి పోతుంది, ఆట కడుతుంది. తలో అరగంట ఇచ్చిన ఆటను ఆరు నిమిషాల్లో ముగించి జ్యూస్ ప్యాకెట్ దగ్గరికి పరిగెత్తుతారు. చిన్నపిల్లల విభాగం నడిపిన ఏ ఆర్బిటర్నైనా అడగండి, నవ్వుతాడు. గడియారంలో ఇరవై ఏడు నిమిషాలు మిగిలే ఉంటాయి. ఆడింది నిఖార్సైన బ్లిట్జ్. రాసింది రెగ్యులర్. మన కళ్లముందు జరిగినదాన్ని కాదని, గడియారంలో వాడకుండా వదిలేసిన సమయానికి రేటింగ్ ఇస్తున్నారు. వండని అన్నానికి బిల్లు.

ఇదంతా తెలియని అమాయకులా వాళ్లు? అనుకుంటే పొరపాటు. అసలు కథ ఇప్పుడు.

రేటింగ్ లెక్కలో ఒక గుణకం ఉంటుంది. కే అంటారు. ఒక్క ఫలితంతో మీ అంకె ఎంత కదలాలో అది తేలుస్తుంది. కే పెద్దదైతే అంకె ఎగిరెగిరి పడుతుంది. చిన్నదైతే బండరాయిలా కూర్చుంటుంది. ఫెడరేషన్ సూత్రంలో ఒక చిన్న వాక్యం ఉంది. డ్యూయల్ ఆటల్లో 2200 దాటినవారి రెగ్యులర్ రేటింగ్ లెక్కలో ఈ కే తగ్గుతుంది. 2200 నుంచి మెల్లగా తగ్గుతూ తగ్గుతూ పోయి, 2500 దాటినవారికి నాలుగో వంతు మాత్రమే మిగులుతుంది.

మళ్లీ చదవండి. నాలుగో వంతు.

అంటే ఏమిటి? గ్రాండ్‌మాస్టరుగారు అరగంట ఆట ఓడిపోతే అది ఆయన అసలు సత్తా కాదు, పాపం తొందరలో జరిగింది, ముప్పాతిక వంతు మాఫీ. మూడో తరగతి పిల్లాడు అదే హాల్లో, అదే గడియారం ముందు, అదే అరగంట ఆట ఓడిపోతే? అది వాడి అసలు సత్తానే. పూర్తిగా కొయ్యండి. తొందర ఆట సరైన కొలత కాదని ఫెడరేషన్‌కు తెలుసన్నమాట. తెలుసు కాబట్టే పెద్దలకు గొడుగు పట్టింది. చిన్నవాళ్లను వానలో నిలబెట్టింది. లెక్కల వాళ్లను అడిగితే కారణాలు చెబుతారు. పైస్థాయి రేటింగులు ఒడిదొడుకులు లేకుండా ఉండాలంటారు, జాతీయ జట్టు ఎంపికలంటారు. చెప్పనివ్వండి. పెద్ద ఇంటివాడి బాకీకి రుణమాఫీ, పేదవాడి బాకీకి జప్తు. దీనికి మనకు లెక్కల పంతులు అక్కర్లేదు. బ్యాంకుల్లో రోజూ చూస్తున్నాం.

ఈ కొలతకు మూలపురుషుడు ఆర్పాద్ ఎలో. హంగరీలో పుట్టాడు, అమెరికాలో మిల్వాకీలోని మార్క్వెట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పాడు. ఆయన పద్ధతిని అమెరికా సమాఖ్య 1960లో తీసుకుంది, ఫిడే 1970లో. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడికి నాలుగు పాయింట్లలో మూడు దక్కాలి అన్నంత సాదా ఊహ. ఇది ఉజ్జాయింపు కొలతేనయ్యా అని ఆయన మొత్తుకుంటూనే ఉన్నాడు. విన్నదెవరు? కొలత పోయి కులమైంది.

కొలతను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో చూపించినవాడు ఒకడుండేవాడు. క్లాడ్ బ్లడ్‌గుడ్. తల్లిని చంపిన నేరానికి వర్జీనియా జైల్లో ఉన్న ఖైదీ. తోటి ఖైదీలకు ఆట నేర్పాడు, వాళ్లతోనే రేటింగ్ ఆటలు ఆడాడు. గెలుస్తూ పోయాడు. బయటివాడు ఎవడూ లోపలికి రాడు, లోపలివాడు ఎవడూ బయటికి పోడు. మూసిన కుండలో అంకెలు పొంగాయి. 1996 నాటికి ఆయన రేటింగ్ 2702. దేశం మొత్తం మీద రెండో స్థానం! ఇలా అవుతుందని ముందే ఫెడరేషన్‌కు ఉత్తరాలు రాశాడనీ చెబుతారు. హత్యానేరం మీద జైలుకెళ్లినవాడు నిజం చెబుతుంటే, కోటు తొడుక్కున్నవాళ్లు కాగితం తిప్పి చూడలేదు. ఆ తర్వాత కంగారుపడి లొసుగు పూడ్చారు.

ఇప్పుడు మూసిన కుండలు లేవా? ప్రతి పేటలోనూ ఒకటుంది. ఆ అకాడమీ పిల్లలు ఆ అకాడమీ టోర్నీలోనే, ఆ అకాడమీ గురువుగారి ఆర్బిటర్‌గిరీలోనే, వారం వారం. అందరూ అందరినీ ఓడించుకుంటారు. ఊరవతల టోర్నీకి వెళ్లిన రోజున తెలుస్తుంది, అంకె ఎంత గాలో.

ఫెడరేషన్ మార్పులు చెయ్యలేదని ఎవరన్నారు? చేస్తూనే ఉంది. 2013లో బ్లిట్జ్‌కు కొత్త సొరుగు తెరిచింది. కరోనా కాలంలో ఆన్‌లైన్ సొరుగులు నిండాయి. ఊహించనంత బాగా ఆడినవారికిచ్చే బోనస్ పాయింట్ల మోతాదును మార్చింది, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. ప్రతి మార్పుకూ ఒక ప్రకటన, ప్రతి ప్రకటనలోనూ ‘మరింత కచ్చితత్వం’. పాత సొరుగు మూత పడదు. కొత్త సొరుగు మాత్రం తెరుచుకుంటుంది. ఇంట్లో చెత్త సర్దమంటే ఇంకో బీరువా కొనుక్కొచ్చినట్టు.

ఫిడే మాత్రం ఏం తక్కువ తిన్నదా? 2024 మార్చిలో మామూలు ఆటల జాబితాలో 2000 లోపు ఉన్నవారందరికీ ఒక్క కలంపోటుతో పాయింట్లు పంచింది. 2000కు ఎంత తక్కువుంటే అందులో పదింట నాలుగు వంతులు. రాత్రి 1000తో పడుకున్నవాడు పొద్దున 1400తో లేచాడు. ఒక్క ఎత్తు వెయ్యకుండా! ఏళ్ల తరబడి కింది మెట్ల అంకెలు ఎండిపోతుంటే, చిన్న రేటింగ్ ఉన్న భారత పిల్లలు పెద్ద రేటింగ్ ఉన్న యూరప్ తాతయ్యలను చావగొడుతుంటే, అప్పటికి గానీ ఎవరికీ మెలకువ రాలేదు. అయితే ఫిడేకు ఒక పుణ్యం ఉంది. అక్కడ ఒక ఆటకు ఒకే పుస్తకం. 10 నిమిషాలు దాటి గంట లోపు అయితే ర్యాపిడ్, అంతే. నెల్లూరులో 45 నిమిషాల ఆట ర్యాపిడ్. అదే ఆట న్యూజెర్సీలో ఆడితే రెండు ప్రాణాలు.

ఈ ర్యాపిడ్‌ను తక్కువ చేసి చూసే వీలు మన తెలుగువాళ్లకు అసలే లేదు. కోనేరు హంపి మహిళల ప్రపంచ ర్యాపిడ్ కిరీటం రెండుసార్లు తెచ్చింది. 2019లో మాస్కోలో, 2024లో అదే అమెరికా నడిబొడ్డున, న్యూయార్క్‌లో. తలో 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు. అమెరికా కూడికలో 25. అంటే శుద్ధ క్విక్. ప్రపంచ విజేతను తేల్చే ఆట రెగ్యులర్‌కు పనికిరాదు, స్కూలు క్యాంటీన్‌లో జ్యూస్ తాగుతూ ఆడిన ఆట పనికొస్తుంది. బాగుంది వరస. అదే న్యూయార్క్ టోర్నీలో నిర్వాహకులకు తట్టిన పెద్ద సమస్య ఏమిటో గుర్తుందా? దుస్తుల నిబంధన దాటిన చదరంగ దిగ్గజం కార్ల్‌సన్ జీన్స్. 200 డాలర్ల జరిమానా, తర్వాతి రౌండుకు జత కట్టకపోవడం, ఆయన అలిగి పోవడం, మళ్లీ బతిమాలుకోవడం. చివరికి బ్లిట్జ్‌లో జీన్స్‌తోనే ఆడి, రష్యా ఆటగాడు నెపోమ్నియాషీతో కలిసి కిరీటం పంచుకుని పోయాడు. ప్యాంటు గుడ్డ మీద చూపిన శ్రద్ధలో పదో వంతు కొలతల మీద చూపిస్తే ఎంత బాగుండేది!

ఇక అమెరికాలోని మనవాళ్ల సంగతి. ఎడిసన్‌లో, ఫ్రిస్కోలో, క్యారీలో ఏ తెలుగు ఇంటి విందుకైనా వెళ్లండి. పులిహోర పళ్లెం చేతిలో ఉండగానే మొదలవుతుంది.

“మీవాడి రేటింగ్ ఎంతండీ?”

“1350 అండీ.”

“రెగ్యులరేనా?”

“క్విక్ లెండి.”

“ఓహో.”

ఆ ‘ఓహో’ ఉంది చూశారూ, అందులో ఒక సంవత్సరం కోచింగ్ ఫీజు కొట్టుకుపోతుంది. ఇంటికెళ్లే దారిలో కారు వెనక సీట్లో పిల్లాడికి మొదలు. “ఎందుకురా అంత తొందర? నిదానంగా ఆలోచించాలని ఎన్నిసార్లు చెప్పాను?” గడియారం 25 నిమిషాలకు పెట్టిన టోర్నీకి తీసుకెళ్లింది ఎవరండీ? వాడా? ఎంట్రీ ఫీజు కట్టింది ఎవరు? వాడా? ఎంసెట్ ర్యాంకుల కాలంలో పెరిగిన తరం మనది. అంకె కనిపిస్తే చాలు, చేతులు కట్టుకుని నిలబడతాం. మనకు ఫెడరేషన్ మీద కోపం లేదు. పక్కింటివాడి అంకె మీద ఉంది. అందుకే ఫెడరేషన్ ఇంత హాయిగా ఉంది.

ఇక్కడ మన ఊళ్లలో ఈ గొడవ లేదని సంబరపడకండి. గొడవ పడటానికి ముందు ఏదో ఒకటి ఉండాలి కదా. ఆదివారం కల్యాణ మండపంలో ఒక్కరోజు ర్యాపిడ్ టోర్నీ పెడతారు. వందల మంది పిల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు, వేదిక మీద ఎమ్మెల్యేగారు మొదటి ఎత్తు వేస్తూ ఫొటో. ఆయన రాకకోసం మొదటి రౌండు గంటన్నర ఆలస్యం. ఆట పేరు ర్యాపిడ్! సాయంత్రానికి అందరికీ మెడల్, సర్టిఫికెట్. రేటింగా? అలాంటివాటిలో చాలావాటికి అదేమీ ఉండదు. పిల్లాడు ఆరు గెలిచినా అంతే, ఆరు ఓడినా అంతే. అమెరికాలో ఒక్క ఆటను రెండుసార్లు లెక్కపెడతారు. ఇక్కడ ఆరు ఆటలను ఒక్కసారి కూడా లెక్కపెట్టరు. ఏది నయమో తేల్చుకోండి.

అడగాల్సింది పెద్దగా ఏం లేదు. అరగంట ఆట మనిషి సత్తాను సరిగ్గానే కొలుస్తుందనుకుంటే, 2500 మహానుభావుల ముప్పాతిక మాఫీ తీసెయ్యండి. సరిగ్గా కొలవదనుకుంటే, తొమ్మిదేళ్లవాడి రెగ్యులర్ పుస్తకంలోంచి ఆ ఆటను తీసెయ్యండి. రెండింట్లో ఒకటే కుదురుతుంది. క్విక్ ఉండాలనుకుంటే క్విక్ టోర్నీల్లో దాంతోనే జతలు కట్టండి, దాంతోనే బహుమతులు ఇవ్వండి. వద్దనుకుంటే ఎత్తెయ్యండి. ఎవరూ ఏడవరు, అది ఉన్నట్టు గుర్తున్నవాళ్లే తక్కువ.

కమిటీ ఆలోచిస్తుంది. వారి గడియారంలో డిలే ఎన్ని సెకన్లో ఎవరికీ చెప్పలేదు. ఈలోగా వచ్చే శనివారం టోర్నీ ఉంది. 25 నిమిషాలు, 5 సెకన్లు, ఐదు రౌండ్లు, డ్యూయల్. సభ్యత్వం గడువు తీరిపోయుంటే పిల్లాణ్ని ఆడనివ్వరు. ఫీజు ముందే కట్టాలి. రాకపోయినా తిరిగివ్వరు.